చిన్న కొండ, పెద్ద చూపు

హిమాలయాలు ఎక్కినవారిని గురించి పత్రికలలో తరచుగా చదువుతుంటాము. ఎవరెస్టు ఎత్తు ఎంతో చిన్నపిల్లలు సహితము చెప్పగలరు. అయితే కుటుంబమంతా కలిసి, చేతిలో ఒక మంచినీళ్ల సీసా పట్టుకొని, గంటలో ఎక్కి దిగగలిగే చిన్న కొండలను గురించి వ్రాసేవారు తక్కువ. ఎత్తు లేని కొండకు విలువ కూడ లేదనుకుంటాము కాబోలు! ప్రియ పాఠకులారా, అటువంటి ఒక చిన్న కొండను గురించి, అది మా ఇద్దరికి చేసిన మేలును గురించి మీతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ సంగతులు వ్రాస్తున్నాము.

మాది గోదావరి డెల్టా. మా ఊరి చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు, పంట కాలువలు తప్ప కొండ అన్న మాట లేదు. మాకు ఎత్తు అంటే ఏటిగట్టు, లేకపోతే మా ఇంటి డాబా. ఆ డాబా మీదనే ఏటా వడియాలు పెట్టుకొనేవాళ్లము, మిరపకాయలు ఎండబోసుకొనేవాళ్లము, వేసవి రాత్రులు చాపలు పరచుకొని పడుకొనేవాళ్లము.

2018లో మా ఇద్దరిలో పెద్దవారికి గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు. దేవుని దయవలన ప్రాణము దక్కింది. కొన్నాళ్ల తరువాత డాక్టరుగారు రోజూ నడవమనే చెప్పారు. కాని భయము మా ఇంట్లో మూడవ మనిషిగా కాపురము పెట్టింది. పెద్దవారు మెట్టు మీద కాలు పెట్టబోతే చిన్నవారి గుండె ఝల్లుమనేది. చిన్నవారు ఒక్కరే డాబా మీదికి వెళ్తే, కింద ఉన్నవారికి ఏమవుతుందోనని పైన ఉన్నంతసేపూ బెంగ. అలా అలా ఇద్దరమూ డాబా మెట్ల వైపు వెళ్లడమే మానేశాము. ఆ ఏడు వడియాలు బజారులో కొనుక్కున్నాము. మా లోకము పడకగదికి, వంటగదికి, మందుల డబ్బాకు మధ్య ఇమిడిపోయింది.

మా అమ్మాయి, అల్లుడు ఐర్లండు దేశములోని డబ్లిన్ నగరంలో ఉంటున్నారు. అమ్మాయి నర్సు, అల్లుడు కంప్యూటరు ఇంజనీరు. 2019 వసంతకాలములో వారు మమ్మును రమ్మన్నారు. డాక్టరుగారు పరీక్షలు చేసి, ప్రయాణానికి అభ్యంతరము లేదన్నారు. నాలుక కింద పెట్టుకొనే మాత్ర ఎప్పుడూ జేబులో ఉంచుకోమన్నారు. ఆ విధముగా ఏప్రిల్ నెలలో మేము డబ్లిన్ చేరుకున్నాము.

ఆ సంవత్సరము ఈస్టరు ఏప్రిల్ 21న వచ్చింది. మరునాడు సోమవారము అక్కడ సెలవు. ఉదయము కాఫీ త్రాగుతుండగా అమ్మాయి, “నాన్నా, ఇవాళ చిన్న కొండ ఒకటి ఎక్కుదామా?” అని అడిగింది. మేము ఒకరి ముఖము ఒకరము చూసుకున్నాము. కొండ అనగానే మా చెవులకు గుండె అన్నట్టే వినిపించింది. “భయపడకండి మామయ్యగారూ, అది మన తాటిచెట్లు ఓ పది నిలబెట్టినంత ఎత్తు కూడ ఉండదు, మధ్యలో ఎన్నిసార్లయినా ఆగవచ్చు” అన్నాడు అల్లుడు. “ఎక్కలేకపోతే తిరిగి వచ్చేద్దాము, ఎవరూ మనకు మార్కులు వేయరు” అని అమ్మాయి నవ్వింది. ఆ మాట మాకు కొంత ధైర్యమిచ్చింది.

ఆ కొండ పేరు స్లేన్ కొండ. డబ్లిన్‌కు ఉత్తరముగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, మీథ్ అను జిల్లాలో, బోయిన్ నది పక్కన స్లేన్ అనే గ్రామము ఉన్నది. ఊరి కూడలిలో నాలుగు మూలలా ఒకే పోలికతో నాలుగు రాతి ఇళ్లు ఎదురెదురుగా నిలిచి ఉంటాయి. ఊరికి ఉత్తరముగా పచ్చిక పొలాల మధ్య కొండ. దాని శిఖరము సముద్రమట్టమునకు 158 మీటర్ల ఎత్తు మాత్రమే. అది రాళ్లు పేర్చినట్టున్న కొండ కాదు. పొలమే మెల్లగా పైకి లేచి, కొంత దూరము వెళ్లి, మళ్లీ మెల్లగా దిగిపోయినట్టు ఉంటుంది.

కారును ఊరిలోనే ఉంచి నడక మొదలుపెట్టాము. అమ్మాయి మాకు ఒక నియమము చెప్పింది. నడుస్తూ మాట్లాడగలిగితే గుండెకు తగిన నడక. మాట్లాడటానికే ఊపిరి చాలకపోతే వేగము తగ్గించాలి. పాట పాడగలిగేంత తేలికగా ఉంటే ఇంకొంచెము త్వరగా నడవవచ్చు. రోగులను నడిపించే చోట ఇదే కొలత వాడతారట. గడియారము అక్కరలేదు, నోరే గడియారము! ఇంకేమి, ఇద్దరమూ మాటలు మొదలుపెట్టాము. ఊరిలో ఎవరి చేను ఎవరు కౌలుకు తీసుకున్నారు, పక్కింటివారు పట్టుకెళ్లిన కుక్కరు ఇచ్చారా లేదా, మేనకోడలి పెళ్లికి ఏమి పెట్టాలి, ఇలా ఒక్కొక్కటే తవ్వుకుంటూ నడిచాము. మా ఎనిమిదేళ్ల మనుమడు, “అమ్మమ్మా, మీరు కొండ చూడటానికి వచ్చారా, కుక్కరు గురించి చెప్పుకోవడానికి వచ్చారా?” అని అడిగాడు.

దారికి రెండు వైపులా గోడవలె పెరిగిన ముళ్లపొదల కంచెలు. మన చేలకు గట్లు ఎలాగో వారి పొలాలకు ఈ కంచెలు అలాగ. వీటిలో చాలా భాగము 18, 19 శతాబ్దాలలో భూములకు హద్దులు వేసినప్పుడు నాటినవని చెబుతారు. గాలిని ఆపుతాయి, పశువులను దాటనీయవు, పిట్టలకు ఇల్లుగా ఉంటాయి. మార్చి 1 నుండి ఆగస్టు 31 వరకు వీటిని నరకకూడదని ఆ దేశపు వన్యప్రాణి చట్టము చెబుతున్నది. పిట్టలు గూళ్లు కట్టి పిల్లలను చేసే కాలము గనుక ఈ కట్టుబాటు. తనకు ఎంత అడ్డముగా ఉన్నా రైతు ఆ ఆరు నెలలు కత్తి పట్టకుండ ఆగవలసినదే.

కొండ మీదికి వెళ్లే చోట ఒక ఇనుప గేటు ఉన్నది. అల్లుడు దానిని తెరిచి, మేమందరము లోపలికి వచ్చిన తరువాత వెనుకకు వెళ్లి జాగ్రత్తగా గడియ పెట్టాడు. గేటు ఏ విధముగా ఉన్నదో అదే విధముగా వదిలి వెళ్లాలట. ఐర్లండులో ఇతరుల పొలము మీదుగా నడిచే హక్కు సాధారణముగా ప్రజలకు లేదు. రైతు ఒప్పుకున్న చోటనే నడవాలి. ఆ ఒప్పుదల నిలిచి ఉండాలంటే వచ్చినవారు గేట్లు మూయాలి, చెత్త వేయకూడదు, గొర్రెలున్న చోటికి కుక్కలను తీసుకురాకూడదు. ఈ సంగతి విన్నప్పుడు మాకు మా ఊరి రైతు జ్ఞాపకము వచ్చాడు. ఊడ్చిన చేలో ఎవరైనా అడ్డముగా నడిచిపోతే అతనికి ఎంత బాధ! మట్టి ఏ దేశములోనైనా మట్టే, రైతు మనసు ఏ దేశములోనైనా ఒక్కటే.

ఆ గడ్డిలో గొర్రెలు, వాటి వెంట చిన్న చిన్న పిల్లలు. ప్రతి తల్లి గొర్రె పక్కన రంగుతో ఒక అంకె వేసి ఉన్నది. దాని పిల్లల మీద కూడ అదే అంకె. తల్లికి 27 అయితే పిల్లలకు 27. మంద కలిసిపోయినప్పుడు ఏ పిల్ల ఏ తల్లిదో తెలుసుకోవడానికి రైతు చేసే ఉపాయము ఇది. మా మనుమడు పరుగెత్తకుండ దూరము నుండే అంకెలు చదివి జంటలు కలుపుతూ వచ్చాడు. ఒక పిల్లకు తల్లి కనబడక అరిచింది. ఎక్కడో పై నుండి ఒక తల్లి బదులు పలికింది. వాటికి అంకెలు అక్కరలేదు, అంకెలు మనకే.

మూడుసార్లు ఆగాము. మొదటిసారి ఆగినప్పుడు పెద్దవారు చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నారు. చిన్నవారు వెంటనే జేబులోని మాత్ర కోసము తడిమారు. “నొప్పి లేదు, చొక్కా గుండీ ఊడింది” అన్నారు పెద్దవారు. అమ్మాయి నాడి పట్టుకొని చూసి, బాగానే ఉన్నదని చెప్పింది. రెండవసారి ఆగినప్పుడు చెయ్యి ఛాతీ మీదికి వెళ్లలేదు. మూడవసారి ఆగినది అలసి కాదు, వెనుకకు తిరిగి చూడటానికి. అప్పటికే ఊరి ఇళ్ల కప్పులు మా పాదాల కిందికి వెళ్లిపోయాయి.

కొండ పైన ఒక పాడుబడిన మఠము ఉన్నది. 1512లో ఆ ప్రాంతపు జమీందారు క్రిస్టఫర్ ఫ్లెమింగ్ ఫ్రాన్సిస్కన్ సన్యాసుల కొరకు దానిని తిరిగి నెలకొల్పాడు. కప్పు లేని గోడలు, ఎత్తైన రాతి గోపురము, చుట్టూ పాత సమాధులు. ఆ గోడ నీడన ఒక నిమిషము నిలబడి, తరువాత పచ్చిక అంచుకు వెళ్లి చూశాము.

ఏమని చెప్పము! నాలుగు దిక్కులా పచ్చని పొలాలు. మన గృహిణులు పాత చీరల ముక్కలు కలిపి కుట్టిన బొంతవలె, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క పచ్చదనము. ఆ కుట్లే ముళ్లకంచెలు. మధ్యలో అక్కడక్కడ ఒక ఇల్లు, దాని పక్కన గడ్డి నిలువ చేసే కొట్టము, పెరటిలో ఆరవేసిన బట్టలు, పాల మంద, మట్టి త్రోవలో మెల్లగా పోతున్న ట్రాక్టరు. దక్షిణాన చెట్ల మధ్య బోయిన్ నది లోయ. ఆగ్నేయముగా ఆ నది వంపులోనే 5,000 సంవత్సరాలకు పైబడిన న్యూగ్రేంజ్ సమాధి మందిరము. డిసెంబరు 21 ప్రాంతములో సూర్యోదయపు కిరణము ఒకటి దాని లోపలి గది వరకు వెళ్లేటట్లు ఆనాటి రైతులు దానిని కట్టారు. తూర్పున ద్రోహెడా పట్టణము, దాని ఆవల సముద్రము ఉండవలసిన చోట ఒక వెండి మసక. బాగా తేటగా ఉన్న రోజున ఈశాన్యాన మోర్న్ పర్వతాలు, దక్షిణాన విక్లో కొండలు కూడ కనిపిస్తాయట. మేము వెళ్లిన రోజు ఎండలో మసక కమ్మి దూరపు కొండలు కనబడలేదు. దగ్గరివే కనబడ్డాయి. మాకు అవే చాలు అనిపించింది.

ఎందుకంటే పెద్ద పర్వతము మీద నుండి చూస్తే క్రింద మనుష్యులు ఉన్నారో లేరో తెలియదు. ఈ చిన్న కొండ మీద నుండి ఆరవేసిన దుప్పటి రంగు తెలుస్తుంది, కుక్క మొరగడము వినబడుతుంది. పొరుగువాడు కనుమరుగు కాకుండ దూరము కనబడే ఎత్తు అది.

అల్లుడు అక్కడ మాకు ఒక లెక్క చెప్పాడు. భూమి గుండ్రముగా ఉన్నది గనుక మన చూపునకు ఒక హద్దు ఉన్నది. సముద్రపు ఒడ్డున నిలబడిన మనిషి కన్ను నేల నుండి సుమారు 1.6 మీటర్ల ఎత్తున ఉంటే, అడ్డము ఏమీ లేనప్పుడు అతనికి నాలుగున్నర కిలోమీటర్ల వరకే కనబడుతుంది. అదే కన్ను సముద్రమట్టమునకు 160 మీటర్ల ఎత్తున ఉంటే చూపు 45 కిలోమీటర్లు పోతుంది. పదింతలు! ఆ 45ను 90 చేయాలంటే మాత్రము 640 మీటర్ల ఎత్తు కావాలి. అంటే ఎక్కే కొద్దీ ప్రతి మెట్టుకు వచ్చే లాభము తగ్గుతూ పోతుంది. అందరికంటె ఎక్కువ లాభము మొదటి కొన్ని మెట్లు ఎక్కినవానికే. మోర్న్ పర్వతాల వంటివి హద్దుకు ఆవల ఉన్నా కనబడటానికి కారణము, అవి తమంతట తామే తల ఎత్తి నిలబడి ఉండటము. లెక్కలలో మేము ఎన్నడూ గట్టివాళ్లము కాము. అయినా ఈ లెక్క మాత్రము ఆనాటి నుండి మరచిపోలేదు.

దక్షిణాన, కొంచెము పడమరగా, అల్లుడు వేలు చూపించిన చోట ఒక తక్కువ ఎత్తు మిట్ట ఉన్నది. అది టారా, పూర్వము ఐర్లండు రాజుల స్థానము. స్లేన్ కొండ నుండి సుమారు 16 కిలోమీటర్లు. ఎత్తులో ఈ రెండూ దాదాపు సమానము. ఆ రెంటి మధ్య ఒక కథ ఉన్నది. బ్రిటన్‌లో పుట్టిన పాట్రిక్ పదహారేళ్ల వయసులో దొంగల చేత చిక్కి, ఐర్లండుకు బానిసగా తేబడి, ఆరేళ్లు మందలు కాశాడు. తప్పించుకొని వెళ్లి, చాలా ఏళ్ల తరువాత తనను బానిసగా చేసిన దేశానికే సువార్తికుడై తిరిగి వచ్చాడు. ఇంతవరకు అతడు స్వయముగా వ్రాసినదే. 433వ సంవత్సరములో ఈస్టరు ముందు రాత్రి టారాలో రాజు మంట వెలిగించేవరకు ఎవరూ నిప్పు రాజేయకూడదని కట్టడ ఉండగా, పాట్రిక్ స్లేన్ కొండ మీద ఈస్టరు మంట వెలిగించాడనీ, రాజు టారా నుండి దానిని చూశాడనీ సంప్రదాయము. ఈ భాగము పాట్రిక్ వ్రాతలలో లేదు; 7వ శతాబ్దము చివర ఒక సన్యాసి వ్రాసిన జీవితచరిత్రలో ఉన్నది. అందుచేత చరిత్రకారులు దీనిని జాగ్రత్తగానే చెబుతారు.

అయితే ఆ కొండ మీద నిలబడినప్పుడు ఒక సంగతి మాకు స్పష్టముగా అర్థమైంది. ఆ కథ చెప్పినవాడు ఈ ప్రదేశమును ఎరిగినవాడు. మంట పెద్ద పర్వతము మీద వెలిగించలేదు. మబ్బులలో దాగే శిఖరము మీద వెలిగిస్తే ఎవరికి కనబడుతుంది? పొలాల మధ్య, ఇళ్లకు ఎదురుగా, అందరి కంటికీ ఆనే చిన్న కొండ మీద వెలిగించాడని చెప్పాడు. మందలు కాచిన మనిషికి ఏ మిట్ట మీద నిలబడితే ఎంత దూరము కనబడుతుందో వేరే చెప్పాలా?

ఆనాడు జరిగిన మరొక చిన్న సంగతి కూడ చెప్పాలి. కింద నుండి పైకి వచ్చేవరకు మేమిద్దరమూ ఒకరి ముఖము ఒకరము చూసుకుంటూనే నడిచాము. ఆయాసము వస్తున్నదా, చెమట పడుతున్నదా అని చిన్నవారి కన్ను పెద్దవారి మీద. భయపడుతున్నారా అని పెద్దవారి కన్ను చిన్నవారి మీద. దాదాపు ఏడాదిగా మా ఇంట్లోనూ అదే చూపు. కొండ మీదికి వచ్చిన తరువాత మాత్రము, ఎంతసేపు గడిచిందో తెలియదు గాని, ఇద్దరమూ ఒకే దిక్కుకు తిరిగి ఆ ట్రాక్టరు ఎక్కడికి పోతున్నదా అని చూస్తూ నిలబడ్డాము. “ఆ చేను దున్నుతాడా, గడ్డికి వదిలేస్తాడా?” అన్నారు పెద్దవారు. అది మందుల మాట కాదు, రిపోర్టుల మాట కాదు. చేను మాట! చిన్నవారు బదులు చెప్పలేక కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. అమ్మాయి గమనించి కూడ గమనించనట్లు మనుమడిని తీసుకొని అవతలికి వెళ్లింది.

దిగేటప్పుడు మోకాళ్లు కొంచెము మొరాయించాయి. ఒకరి చెయ్యి ఒకరము పట్టుకొని, అడ్డముగా, మెల్లగా దిగాము. ఆ పట్టుకోవడము ఆపడానికి కాదు, నడిపించడానికి. గేటు దగ్గర ఈసారి గడియ పెట్టే పని మేమే తీసుకున్నాము.

మే నెలలో ఇంటికి తిరిగి వచ్చాము. మా ఊరిలో 158 మీటర్ల కొండ ఎక్కడ నుండి వస్తుంది? అయితే అల్లుడు చెప్పిన లెక్క ఉన్నది గదా! మనుమడు ఫోనులో లెక్క కట్టి చెప్పాడు. మా డాబా ఎత్తుకు మా కంటి ఎత్తు కలిపితే సుమారు ఎనిమిది మీటర్లు. అడ్డము లేకపోతే చూపు పది కిలోమీటర్లు పోవాలి. నేల మీద నాలుగున్నర, డాబా మీద పది! కొబ్బరి చెట్లు అడ్డమున్నాయనుకోండి, అయినా ఇరవై రెండు మెట్లకు అంత లాభము ఎవరిస్తారు?

డాక్టరుగారిని అడిగాము. మెల్లగా, ఆగి ఆగి ఎక్కమన్నారు. ఛాతీలో బరువుగా ఉన్నా, ఊపిరి ఆడకపోయినా అక్కడే కూర్చోమన్నారు. మొదటి రోజు సగము మెట్ల వరకు వెళ్లి కూర్చున్నాము. నాలుగవ రోజు పైకి వెళ్లాము. ఏడాది నుండి ఊడ్వని డాబా మీద ఎండుటాకులు, ఒక మూల పిచ్చుక గూడు. పిల్లలు ఎగిరిపోయేవరకు ఆ మూల ఊడ్వలేదు. మార్చి నుండి ఆగస్టు వరకు కంచెలు నరకని ఆ దేశపు రైతు మాకు గుర్తుకు వచ్చాడు. మరుసటి వేసవిలో బూడిద గుమ్మడికాయ వడియాలు మా డాబా మీదనే ఎండాయి. ఇప్పటికి చాలా ఏళ్లు గడిచాయి. దేవుని కృపవలన ఇద్దరమూ ఉన్నాము. సాయంత్రము పూట పైకి వెళ్లి కాసేపు కూర్చుంటాము. మందులు మానలేదు, పరీక్షలు మానలేదు. భయము కూడ పూర్తిగా వెళ్లిపోలేదు. కాని అది ఇప్పుడు యజమాని కాదు, అద్దెకున్నవాడు.

ఐర్లండులో ఉన్న మన తెలుగు కుటుంబాలవారు ఎవరైనా స్లేన్ వెళ్లదలచుకుంటే, దారి తెరిచి ఉన్నదో లేదో ముందుగా కనుక్కొని వెళ్లండి. గట్టి బూట్లు వేసుకోండి. గేటు మూయడము మరువకండి. ఇక్కడ ఉన్నవారికి మా మనవి ఒక్కటే. జబ్బు చేసి లేచినవారు, వయసు మళ్లినవారు మీ ఇంట ఉంటే, డాక్టరును అడిగి, వారిని మెల్లగా ఒక చిన్న ఎత్తుకు తీసుకువెళ్లండి. ఏటిగట్టు కావచ్చు, చెరువు కట్ట కావచ్చు, ఇంటి డాబా కావచ్చు. ఎవరెస్టు అక్కరలేదు. కొన్ని మెట్లు ఎక్కితే చూపు రెండింతలవుతుంది. వారితో కలిసి కాసేపు అటువైపే చూడండి.